ఏ భాష నేర్చుకోవాలి? తెలుగు గుమ్మంలో నిలబడి చూస్తే

మా తమ్ముడి కూతురు విజయవాడలో బీఎస్సీ నర్సింగ్ ఆఖరి ఏడాది చదువుతోంది. ఈ సంక్రాంతికి గుంటూరు వచ్చినప్పుడు అరిసెల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని అడిగింది. "అత్తా, మా క్లాసులో సగంమంది జర్మన్‌లో చేరుతున్నారు. ఇద్దరు కెనడా అంటూ ఫ్రెంచి మొదలుపెట్టారు. నెట్‌లో చూస్తే స్పానిష్ అన్నిటికంటే తేలికని ఉంది. నువ్వే చెప్పు, నన్ను దేంట్లో చేరమంటావు?"

నేను బ్రాడీపేటలో ఇరవై ఏళ్ళ పైచిలుకుగా హిందీ ప్రచార సభ పరీక్షలకి పిల్లల్ని తయారుచేస్తున్నాను. రష్యన్ సొంతంగా నేర్చుకున్నాను, బెజవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో దొరికిన సోవియట్ వాచకాలతో. పర్షియన్ చదివి అర్థం చేసుకోగలను. జర్మన్ ఇంకా నడుస్తోంది. అందుకని ఏటా ఇంటర్ ఫలితాలు రాగానే మా వీధి అరుగుల మీద ఈ ప్రశ్న నా దాకా వస్తుంది. మా పిల్లకి ఆ పూట చెప్పింది, తర్వాత ఆలోచించి సరిదిద్దుకున్నది కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఆ పిల్ల చూసిన "తేలిక భాషల పట్టిక" ఎక్కడిదో ముందు తెలుసుకోవాలి. అమెరికా విదేశాంగ శాఖకి ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ అనే శిక్షణ సంస్థ ఉంది. తమ ఉద్యోగులకి భాషలు నేర్పి, దేనికి ఎన్ని తరగతి గంటలు పట్టాయో లెక్కగట్టింది. స్పానిష్, ఫ్రెంచి అయితే 600 నుంచి 750 గంటలు. జర్మన్‌కి 900. రష్యన్, పర్షియన్, హిందీ మూడింటికీ 1100. ఇంటర్నెట్‌లో తిరిగే పట్టికలు చాలావరకు దీని పిల్లలే. లెక్క తప్పు కాదు. కానీ అది పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళ కోసం వేసిన లెక్క. వాక్యం చివర క్రియ రావడం వాళ్ళకి కొత్త, మనకి ఉగ్గుపాలతో వచ్చింది. హిందీకీ రష్యన్‌కీ ఒకే గంటలు అని ఆ పట్టిక అంటుంటే, మిర్చి యార్డులో ఉత్తరాది వ్యాపారులతో మాట్లాడి మాట్లాడి హిందీ పట్టేసిన గుమాస్తాలు మన ఊళ్ళో ఎంతమంది! మనం దూరం కొలవాల్సింది తెలుగు నుంచి. ఇంగ్లీషు గుమ్మంలోంచి చూస్తే దగ్గరవి దూరంగానూ, దూరానివి దగ్గరగానూ కనపడతాయి. నేను చెప్పదల్చుకున్న ముఖ్యమైన మాట ఇదే, మిగతాదంతా దాని వివరం.

అన్నీ ఒకే ఇంటివి, మనం పొరుగువాళ్ళం

మా పిల్ల ముందున్న భాషలన్నీ, అంటే జర్మన్, ఫ్రెంచి, స్పానిష్, రష్యన్, వీటితోపాటు హిందీ, సంస్కృతం, పర్షియన్, ఇంగ్లీషు కూడా, ఒకే కుటుంబానివి. ఇండో–యూరోపియన్ అంటారు. ప్రపంచ జనాభాలో దాదాపు సగం మందికి ఈ కుటుంబంలోని ఏదో ఒకటి మాతృభాష. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టి చూడండి. సంస్కృతం ఏకం, ద్వే, త్రీణి. పర్షియన్ యెక్, దో, సె. రష్యన్ అదీన్, ద్వా, త్రి. స్పానిష్ ఉనో, దోస్, త్రేస్. ఇప్పుడు మనది: ఒకటి, రెండు, మూడు. తమిళంలో ఒన్ఱు, ఇరండు, మూన్ఱు. కన్నడంలో ఒందు, ఎరడు, మూరు. ఎవరు ఎవరి చుట్టమో వేరే చెప్పక్కర్లేదు.

సంస్కృతానికీ గ్రీకు, లాటిన్‌లకీ ఒకే మూలం ఉండాలని విలియం జోన్స్ కలకత్తాలో 1786లో ప్రసంగించాడు. 1816లో ఫ్రాంజ్ బాప్ సంస్కృత క్రియారూపాల్ని గ్రీకు, లాటిన్, పర్షియన్, జర్మానిక్ భాషల వాటితో పోల్చి పుస్తకం వేశాడు. సరిగ్గా ఆ ఏడే మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, తెలుగు సంస్కృతంలోంచి పుట్టలేదనీ తమిళ, కన్నడాలతో కలిసి వేరే కుటుంబమనీ నిరూపించాడు. క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా అది అచ్చయింది. ఒక కుటుంబాన్ని జర్మనీ వైపున, ఇంకో కుటుంబాన్ని మన మద్రాసులో ఒకే ఏడాది తేల్చడం నాకు ఎప్పుడు తలుచుకున్నా ఒళ్ళు పులకరిస్తుంది. మన ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు తర్వాత తెలుగుని గోండీ, కోండ, కుయి, కువిలతో కలిపి దక్షిణ మధ్య ద్రావిడ శాఖలో పెట్టారు.

అయినా ఆ ఇంటి సామాను మన ఇంట్లో బోలెడుంది. తత్సమాలుగా సంస్కృతం, సర్కారు కచేరీల్లోంచి పర్షియన్, ఓడల మీద పోర్చుగీసు. పాదిరిగారు, మేజా, బొప్పాయి, అనాస అలా వచ్చినవే. పోర్చుగీసు పాద్రె, లాటిన్ పాతెర్, సంస్కృతం పితృ, ఇంగ్లీషు ఫాదర్ ఒకే మాట. ఇంగ్లీషు, జర్మన్‌ల పూర్వరూపంలో ప కాస్తా ఫ అయింది: పాదం ఫుట్, పంచ ఫైవ్, పశు ఫీ. మొదట్లో సొమ్ము అంటే పశువే కదా, అందుకే ఫీజుకీ పశువుకీ చుట్టరికం. ఈ సూత్రాన్ని జేకబ్ గ్రిమ్ 1822లో స్పష్టంగా రాశాడు.

నర్సింగ్ పిల్ల కాబట్టి నేను ఆ పూట తనకి ఇంకో మాట చూపించాను. ఆస్పత్రిలో మనం "సిస్టర్" అని పిలుస్తాం. జర్మన్లు ష్వెస్టర్ అంటారు. రష్యన్‌లో నర్సు మెద్‌సెస్త్రా. సంస్కృతంలో స్వసృ అంటే తోబుట్టువే. పర్షియన్‌లో సకారం హకారమైపోతుంది, సప్త కాస్తా హఫ్త్, సింధు కాస్తా హిందు. అలాగే స్వసృకి తోటి మాట ఖాహర్. నాలుగు దేశాల మాటలు, పిలిచేది ఒక్క బంధుత్వంతోనే.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. వినడానికి ఒకేలా ఉన్నంత మాత్రాన చుట్టరికం కుదరదు. పర్షియన్‌లో బద్ అంటే చెడ్డ, ఇంగ్లీషులో బ్యాడ్ అన్నా చెడ్డే. కానీ రెండింటికీ సంబంధం లేదు. సంస్కృత దేవుడికి లాటిన్ దేవుస్ చుట్టం, గ్రీకు థెయోస్ కాదు. సంస్కృతం వస్తే యూరప్ భాషలన్నీ ఇట్టే వచ్చేస్తాయని కొందరు కోచింగువాళ్ళు చెబుతుంటారు. మాటల పోలిక నాలుగు రోజులు ఉత్సాహాన్నిస్తుంది. ఐదో రోజు నుంచి మిమ్మల్ని నడిపించేదీ, ఆపేదీ వాక్యం.

వాక్యం నడక చూసి ఎంచుకుంటే

రష్యన్ దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. దాన్ని అందరూ కష్టమంటారు, నాకు మాత్రం తెలుగు వాసన ఎక్కువగా తగిలిన యూరప్ భాష అది. "ఆయన డాక్టరు" అనడానికి తెలుగులో రెండే మాటలు, మధ్యలో ఇంకేమీ అక్కర్లేదు. రష్యన్‌లో "ఓన్ వ్రాచ్", అదీ రెండు మాటలే. "నా దగ్గర పుస్తకం ఉంది" అనడానికి "ఉ మెన్యా యేస్త్ క్నీగా". ఉ మెన్యా అంటే నా దగ్గర, యేస్త్ అంటే ఉంది, క్నీగా పుస్తకం. "నాకు ఇరవై ఏళ్ళు" కి "మ్నే ద్వాత్సత్ ల్యెత్": నాకు, ఇరవై, ఏళ్ళు. మాటకి మాట. ఇదే స్పానిష్‌లో అయితే "ఇరవై ఏళ్ళు కలిగి ఉన్నాను" అనాలి, జర్మన్‌లో ఇంగ్లీషు పద్ధతే. నాకు చలేస్తుంది, నాకు నచ్చింది, నాకు నొప్పిగా ఉంది, ఇలా నాకుతో మొదలయ్యే మన వాక్యాలకి రష్యన్‌లో జోడీ దొరుకుతూనే ఉంటుంది. ఏ, యాన్, ద లాంటివి అసలు లేవు.

నేను మొదట్లో ఇంగ్లీషులో వివరించిన పుస్తకంతో కుస్తీపట్టాను. "నా దగ్గర ఉంది" అనే సులువైన మాటని అందులో రెండు పేజీల వింతగా చూపించారు. ఆ పుస్తకం మూసి, ప్రతి వాక్యం పక్కన తెలుగు రాసుకోవడం మొదలుపెట్టాక దారి తెరుచుకుంది.

కష్టాలు లేకపోలేదు. ఆరు విభక్తులు. అయితే బడిలో "డుమువులు ప్రథమా విభక్తి" అని వల్లెవేసినవాళ్ళకి విభక్తి అంటే ఏమిటో మళ్ళీ చెప్పక్కర్లేదు. రూపాలు కంఠతా పట్టడమే పని. లింగాలు మూడు ఉన్నా చాలావరకు మాట చివర చూస్తే తెలిసిపోతాయి: హల్లుతో ఆగితే పుంలింగం, ఆ తో ముగిస్తే స్త్రీలింగం, ఓ తో ముగిస్తే నపుంసకం. అసలు ముడి క్రియల జంటలు. "చితాల్" అంటే చదివాను, చదువుతూ ఉండేవాణ్ణి. "ప్రొచితాల్" అంటే చదివి ముగించాను. చదివాను, చదివేశాను అనే తేడా పట్టుకుని బయల్దేరితే సగం దారి వరకు తోడొస్తుంది, ఆపైన అలవాటు కావాలి. లిపిలో అక్షరాలు 33, వారంలో వచ్చేస్తాయి. సంయుక్తాక్షరాలు చూసి భయపడకండి. రాష్ట్రం, కార్త్స్న్యం పలికిన నోటికి అవో లెక్కా?

రష్యన్ ఎవరికి? ముందుగా అక్కడికి మెడిసిన్‌కి వెళ్ళే పిల్లలకి. మా ఎదురింటి అబ్బాయిని ఒక కన్సల్టెన్సీవాళ్ళు "కోర్సు ఇంగ్లీషు మీడియమే, రష్యన్ అక్కర్లేదు" అని పంపించారు. పుస్తకాలు, పరీక్షలు ఇంగ్లీషులోనే ఉన్నాయి. కానీ వార్డులోకి అడుగుపెట్టిన రోజున మంచం మీద ముసలమ్మ "నాకు ఇక్కడ నొప్పి" అని రష్యన్‌లోనే చెబుతుంది. ఆ అబ్బాయి మూడో ఏడాదిలో నాకు ఫోన్ చేసి రాత్రిళ్ళు నేర్చుకున్నాడు. వెళ్ళకముందు ఆరు నెలలు దీనికి పెట్టండి. కిర్గిజ్‌స్థాన్, కజకస్థాన్ వెళ్ళేవాళ్ళకీ పనికొస్తుంది, అక్కడి స్థానిక భాషలు వేరే కుటుంబానివైనా ఊళ్ళల్లో రష్యన్ నడుస్తుంది. సాహిత్యం కోసం అయితే ఆరు నెలలని గిరి గీసుకోకండి. మాస్కో నుంచి వచ్చిన ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల తెలుగు పుస్తకాలతో పెరిగిన ఇళ్ళు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో లెక్కలేనన్ని. ఏలూరు రోడ్డులో కొన్న ఆ గట్టి అట్టల పుస్తకాల మూలం చదవాలన్న కోరిక నాకు ఇరవై ఏళ్ళకి తీరింది.

జర్మన్ సంగతి వేరు. ఇందులో తెలుగుకి దొరికే పట్టు తక్కువే, కానీ ఉన్నచోట గట్టిగా ఉంటుంది. "మీర్ ఇస్ట్ కాల్ట్" అంటే "నాకు చలిగా ఉంది". ఉపవాక్యాల్లో క్రియ చివరికి పోతుంది: "వైల్ ఇహ్ క్రాంక్ బిన్", ఎందుకంటే నేను జబ్బుగా ఉన్నాను. ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ తడబడతారు, మీరు పడకూడదు. మాటల్ని కలిపి సమాసం చేయడం వాళ్ళకీ ఇష్టమే. క్రాంకెన్‌హౌస్ అంటే రోగుల ఇల్లు, ఆస్పత్రి. హాంట్‌షూ అంటే చేతికి జోడు, గ్లవ్. పాఠంలో వచ్చిన పొడుగు మాటని చూసి కంగారుపడకుండా విగ్రహవాక్యం చెప్పుకోండి.

లింగాల దగ్గర మాత్రం తల బద్దలవుతుంది. మూడు లింగాలు, మాట చూస్తే తెలిసే గుర్తులు తక్కువ. అమ్మాయిని చెప్పే "మేడ్‌షెన్" నపుంసకలింగం అని తెలిసి అందరూ ఆశ్చర్యపోతారు. మనం పోవాల్సిన పనిలేదు. అమ్మాయి వచ్చింది, కుక్క వచ్చింది, బస్సు వచ్చింది, మన క్రియకీ తేడా లేదు. మగవాళ్ళని చెప్పే మాటలు తప్ప మిగతావన్నీ అమహత్తు అని చిన్నయసూరి వ్యాకరణం చదివినవాళ్ళకి గుర్తుంటుంది. అది ఒక్కటే ఊరట, మిగతా నామవాచకాల్ని డెర్, డీ, దాస్‌లతో కలిపే బట్టీపట్టాలి.

యూరప్‌లో భాష ఎంత వచ్చో ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లుగా కొలుస్తారు. నర్సింగ్‌కి వెళ్ళేవాళ్ళకి జర్మనీలో సాధారణంగా నాలుగో మెట్టు, బీ2 స్థాయి కావాలి, కొన్నిచోట్ల బీ1తో మొదలుపెట్టనిస్తారు. ఏ1, ఏ2 మూడు నెలల్లో అయిపోతాయని బోర్డులు పెడతారు. అయిపోవచ్చు. బీ1 నుంచి బీ2కి ఎక్కే మెట్టు ఎత్తైనది, డ్యూటీలు చేసుకుంటూ ఏడాది ఏడాదిన్నర పెట్టుకోండి. ఇంకో సంగతి. గుంటూరుకి జర్మన్ కొత్త కాదు. 1842లో ఇక్కడ లూథరన్ మిషన్ పెట్టిన హెయర్ పాదిరిగారు జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో పుట్టినవారే. ఆ మిషన్‌వాళ్ళ ఏసీ కాలేజీ పక్కనుంచి రోజూ తిరిగే మనకి అది గుర్తుండదు.

ఫ్రెంచి గురించి మా పిల్ల ఆశపడినంత నేను ఆశపడలేదు. కెనడాలో శాశ్వత నివాసానికి ఫ్రెంచికి అదనంగా మార్కులు వస్తాయి, 2023 నుంచి ఫ్రెంచి వచ్చినవాళ్ళకి ప్రత్యేకంగా పిలుపులూ ఇస్తున్నారు. టెఫ్ పరీక్షో, టీసీఎఫ్ పరీక్షో రాయాలి. ఆ ఒక్క పనికోసమే అయితే కచ్చితంగా వెళ్ళండి. కానీ రాసినట్టు పలకరు. చివరి హల్లులు మింగేస్తారు. తెలుగువాళ్ళం బస్సు, కారు, పెన్ను అని హల్లుకి అచ్చు తగిలించే అజంత భాషవాళ్ళం, ఉన్న అక్షరం మింగడం మనకి రాదు. ముక్కుతో పలికే అచ్చులకి మాత్రం మనకో దారి ఉంది. పాత పుస్తకాల్లోని అరసున్న ఆ పనికోసం పుట్టిందే. మా మేనకోడలి స్నేహితురాలికి "బొఁ" అని అరసున్నతో రాసి చూపిస్తే వెంటనే పలికింది. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉంది, బందరులో ఫ్రెంచిపేట ఇప్పటికీ ఉంది. అయినా మన జిల్లాల తెలుగులో ఫ్రెంచి పెద్దగా ఇంకలేదు.

స్పానిష్ తేలికన్న మాట మనకీ నిజమే, కాకపోతే వేరే కారణాలకి. రాసినట్టే పలుకుతారు, అచ్చులు ఐదే, త, ద లు మన త, ద ల్లాగే పళ్ళకి తగులుతాయి. ఎవరు చేశారో క్రియలోనే ఉంటుంది. "ఆబ్లో" అంటే చాలు, మాట్లాడతాను. మనం కూడా "వెళ్తాను" అంటే నేను అనక్కర్లేదు కదా. "మె గుస్తా", నాకు నచ్చుతుంది. అంత తేలికైన భాష తీసుకుని గుంటూరులో ఎవరితో మాట్లాడతారు, ఎక్కడ ఉద్యోగం చేస్తారు అన్నదే ప్రశ్న. ఆన్‌లైన్ ఉద్యోగాలు చేసేవాళ్ళకి, ఇరవై దేశాల అధికార భాష కాబట్టి, ఇది మంచి ఎంపిక. నర్సుకి కాదు.

ఇంటి దగ్గరివి

హిందీ నేర్పి బతికేదాన్ని కాబట్టి దాని లోపం కూడా నేనే చెప్పాలి. వాక్య క్రమం మనదే. "ముఝే భూఖ్ లగీ", నాకు ఆకలేసింది. మాటలు సగం తెలిసినవే. దెబ్బ కొట్టేది లింగం. ప్రాణంలేని వస్తువులకీ ఆడ, మగ. బస్ ఆయా అంటే తప్పు, ఆయీ అనాలి. పానీ మగ, రోటీ ఆడ. పైగా "నే" వచ్చిందంటే క్రియ కర్తని వదిలి కర్మ వెంట పోతుంది: మైంనే ఖానా ఖాయా, మైంనే రోటీ ఖాయీ. విశారద పాసైన పిల్లలు కూడా ఇక్కడ జారతారు. నామవాచకాన్ని ఒంటరిగా నేర్పకుండా అచ్ఛా, అచ్ఛీ తగిలించి నేర్పడం మొదలుపెట్టాక మా పిల్లల తప్పులు సగానికి తగ్గాయి.

లింగాల బాధ వద్దు, పొరుగు భాష కావాలి అనుకునేవాళ్ళకి నేను ఒడియా చెబుతాను, ఎవరూ పట్టించుకోరు. ఒడియాలో, బెంగాలీలో వ్యాకరణ లింగం లేదు. "మూఁ భాత ఖాఇలి", నేను అన్నం తిన్నాను. ఆడైనా మగైనా అంతే. ఒడియా మాటలు చివర అచ్చు వదలవు, మన చెవికి ఇంపుగా ఉంటుంది, అక్షరాలూ గుండ్రమే. కట్టడం పనుల దగ్గర, హోటళ్ళలో ఒడిశా కుర్రాళ్ళతో రోజూ పనిపడే మేస్త్రీలకీ, ఆస్పత్రి సిబ్బందికీ మూడు నెలల్లో అక్కరకొస్తుంది. మరాఠీలో లింగాలు మూడు, అయినా ఒక ముచ్చట ఉంది. మనం, మేము అనే తేడా యూరప్ భాషలకి గానీ హిందీకి గానీ తెలియదు, మరాఠీకి తెలుసు: ఆపణ్, ఆమ్హీ.

సంస్కృతం ఇంటర్‌లో మార్కుల కోసం తీసుకునే పిల్లల్ని చూస్తే నాకు బాధ. రెండేళ్ళు చదివి రామః, రామౌ, రామాః దాటి ఒక వాక్యం సొంతంగా చెప్పలేరు. మార్కులే కావాలంటే కానివ్వండి, కానీ దాన్ని భాష నేర్చుకోవడం అనుకోకండి. నిజంగా నేర్చుకోవాలంటే తెలుగువాళ్ళంత అదృష్టవంతులు లేరు. ఎనిమిది విభక్తులు, ద్వివచనం కష్టమే. కానీ మాటల మూట ముందే మోస్తున్నాం, పైగా "వస్తానని అన్నాడు" లో మన "అని" పనిని అక్కడ "ఇతి" చేస్తుంది.

సంస్కృతం బరువనిపిస్తే పాళీ, ప్రాకృతాలు చూడండి. భట్టిప్రోలు భరిణెల మీద, అమరావతి రాళ్ళ మీద, నాగార్జునకొండ శాసనాల్లో చెక్కింది ప్రాకృతమే. మన నేలలో మొదటగా అక్షరమై కనపడిన ఇండో–యూరోపియన్ భాష అది. సంస్కృత అగ్ని ప్రాకృతంలో అగ్గి, అదే మన అగ్గిపెట్టె. లాటిన్ ఇగ్నిస్ అదే మాట, బండి తాళం తిప్పితే వచ్చే ఇగ్నిషన్‌లో ఉంది. రష్యన్ అగోన్, లిథువేనియన్ ఉగ్నిస్ కూడా దాని తోబుట్టువులే. యజ్ఞం జన్నమైంది, దీపం దివ్వె అయింది. పాళీ వ్యాకరణం సంస్కృతం కన్నా చాలా సడలిస్తుంది.

పర్షియన్‌కి ఉద్యోగ మార్కెట్ లేదు. అయినా వాక్యం విషయంలో నా మనసు దోచింది ఇదే. క్రియ చివర. లింగం అసలు లేదు, ఆమెకీ ఆయనకీ ఒకే సర్వనామం. "కెతాబ్ ఖాందమ్" అంటే పుస్తకం చదివాను. "కెతాబ్ రా ఖాందమ్" అంటే ఆ పుస్తకాన్ని చదివాను. పుస్తకం, పుస్తకాన్ని అనే మన తేడానే, "రా" మన "ని" చేసే పనే. ఫోన్ చేయడం వాళ్ళకీ "తెలెఫోన్ కర్దన్", ఫోన్, చేయు. విశేషణం మాత్రం నామం వెనక పెడతారు, అక్కడ కాస్త తల తిప్పుకోవాలి. రిజిస్ట్రేషను ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసేవాళ్ళు రోజూ పర్షియన్‌లోనే బతుకుతున్నారు: దస్తావేజు, దరఖాస్తు, గుమాస్తా, బందోబస్తు. దస్తావేజులోని దస్త్ సంస్కృత హస్తమే. రోజు అనే మాట కూడా వాళ్ళదే. దానికీ సంస్కృత రుచికీ, ఇంగ్లీషు లైట్‌కీ మూలం వెలుగు అనే ఒకే ధాతువు. ఉర్దూ చదివే ఇళ్ళవాళ్ళకి లిపి అడ్డంకీ ఉండదు.

మిగతా శాఖల గురించి తొందరగా. నీట్‌కి చదివే పిల్లలకి గ్రీకు, లాటిన్ భాషలుగా వద్దు, ధాతువులుగా చాలు. అస్థి ఆస్టియో, దంతం డెంటల్, యకృత్ హెపాటిక్, హృదయం కార్డియాక్, జాను లాటిన్‌లో గెను. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ళకి ఈ జాబితా ఒక వారం పని, ఐదేళ్ళు ఉపయోగం. వెల్ష్, ఐరిష్ వంటి కెల్టిక్ భాషల్లో క్రియ మొదట్లోనే వస్తుంది, మన వాక్యాన్ని తలకిందులు చేసినట్టు. ఆర్మేనియన్, అల్బేనియన్ ఒంటరి శాఖలు. ఆర్మేనియన్ వాళ్ళ మొట్టమొదటి పత్రిక 1794లో మన మద్రాసులో అచ్చయిందని మాత్రం చెప్పకుండా ఉండలేను. హిటైట్, తొఖారియన్ చచ్చిపోయిన భాషలు. పరిశోధకుల పని.

లిథువేనియన్ ఒక్కటి మనసు కోసం. కొడుకు సూనుస్, మగాడు వీరస్, పొగ దూమై. వాళ్ళ సామెత వినండి: "దియెవాస్ దావె దాంతిస్, దియెవాస్ దుఓస్ దుఓనోస్". దేవుడు దంతాలిచ్చాడు, దేవుడే రొట్టెనిస్తాడు. నారు పోసినవాడు నీరు పోయడా అని మనం అనడం లేదూ!

మా పిల్లకి చివరికి ఏం చెప్పాను

మూడు ప్రశ్నలు అడిగాను. రెండేళ్ళ తర్వాత ఏ ఊళ్ళో ఉందామనుకుంటున్నావు? రోజుకి ఎన్ని గంటలు మిగులుతాయి? ఆ భాషలో మాట్లాడే మనిషి వారానికి ఒక్కరైనా దొరుకుతారా? తను జర్మనీ అంది, గంటన్నర అంది, వాళ్ళ సీనియర్ అక్కడే పనిచేస్తోందట, ఆదివారాలు వీడియో కాల్ చేస్తానందట. అప్పుడిక స్పానిష్ తేలికా, రష్యన్ తీపా అన్న చర్చ అక్కర్లేదు. జర్మన్‌లో చేరమన్నాను. ఆ మూడింటిలో రెండో జవాబు అరగంట అయ్యుంటే మాత్రం బీ2 ఆశ పెట్టుకోవద్దని, ముందు ఇక్కడే ఉద్యోగంలో కుదురుకోమని చెప్పేదాన్ని. ఏ దేశమూ మనసులో లేనివాళ్ళకి, ఊరికే ఒక కొత్త భాష కావాలనేవాళ్ళకి నా ఓటు పర్షియన్‌కి, తర్వాత ఒడియాకి.

ఇంకో షరతు పెట్టాను. నోటుపుస్తకంలో ప్రతి పేజీ మధ్య గీత గీసి, ఎడమవైపు జర్మన్, కుడివైపు తెలుగు. ఇంగ్లీషు రాయకూడదు. క్లాసులో సార్ ఇంగ్లీషులోనే చెబుతాడు, చెప్పనీ, ఇంటికొచ్చి తెలుగులోకి మార్చుకోవాలి.

మార్చిలో చేరింది. పోయిన ఆదివారం రాత్రి ఫోన్ చేసింది. "అత్తా, ఇవాళ మీర్ ఇస్ట్ కాల్ట్ పాఠం వచ్చింది. 'నేను' అనకుండా 'నాకు' అని ఎందుకంటారని క్లాసులో అందరూ అడుగుతూనే ఉన్నారు. నేను కుడివైపు 'నాకు చలిగా ఉంది' అని రాసేసి, తర్వాతి పేజీ తిప్పాను."